ఓరుగల్లులో శని, ఆదివారాలు

శనివారం

హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 150 కిలోమీటర్లు. రైల్లో వెళ్తే కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగి ఆటో పట్టుకోవచ్చు, పిల్లలకి రైలంటేనే ఇష్టం. కానీ మాకు రామప్ప కూడా చూడాలని ఉంది, పైగా మామయ్యకి మోకాళ్ల నొప్పులు. అందుకని కారే తీశాం. నేను, మావారు, ఆరో తరగతి చదివే పాప, ఒకటో తరగతి బాబు, మామయ్య. అత్తయ్య ఊళ్లో పెళ్లికి వెళ్తూ ఒక డబ్బా నిండా సర్వపిండి చేసిపెట్టి వెళ్లారు. మామయ్య ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన లేకపోతే ఈ ప్రయాణం మామూలు ఫొటోల ప్రయాణమే అయ్యేది.

పాపకి సాంఘిక శాస్త్రంలో కాకతీయుల పాఠం ఉంది. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, వాళ్ల సంవత్సరాలు, అన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తుంది. ఆ పేర్లకీ నేల మీద ఉన్న రాళ్లకీ సంబంధం మాత్రం దానికి తెలియదు. ఆ సంబంధం చూపించాలనే నా కోరిక.

ఉప్పల్ దాటడమే కాస్త ఆలస్యం, ఘట్‌కేసర్ తర్వాత రోడ్డు హాయిగా సాగిపోయింది. నవంబరు కాబట్టి చలి ఇంకా ముదరలేదు. భువనగిరి దగ్గర హైవే మీంచే ఆ ఏకశిల కొండ, దాని మీద కోట కనిపిస్తాయి. బాబు ఎక్కుదామని గొడవ చేశాడు. అది ఎక్కితే ఆ రోజు అక్కడే అయిపోతుంది, ఇంకోసారి దానికోసమే రావాలి. జనగామకి ముందు పెంబర్తిలో ఆగాం. ఇక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒక షెడ్డులో ఒకాయన ఇత్తడి రేకు మీద సన్నటి ఉలి పెట్టి సుత్తితో కొడుతూ నెమలి ఈకలు తీస్తున్నాడు. పిల్లలిద్దరూ కదల్లేదు. నేనొక చిన్న దీపపు కుందె కొన్నాను. బేరం ఆడబుద్ధి కాలేదు, ఎదురుగా ఆ చెయ్యి పని చేస్తుండగా ఎలా ఆడతాం?

పదిన్నరకి హనుమకొండ. నక్కలగుట్టలో హోటల్లో సామాను పడేసి నేరుగా వేయిస్తంభాల గుడికి వెళ్లాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భాలయాలు, మధ్యలో ఒకే మంటపం. శనివారం కదా, ఊరివాళ్లు దండం పెట్టుకోవడానికి వస్తున్నారు, పోతున్నారు. చూడటానికి వచ్చినవాళ్లం తక్కువే. గుడి ఇంకా గుడిలాగే ఉండటం నాకు ఎంతో నచ్చింది.

పిల్లలు అనుకున్నట్టే స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మామయ్య వాళ్లని ఒక నల్ల స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, "లెక్క తర్వాత. ముందు చెయ్యి పెట్టి చూడు బిడ్డా" అన్నారు. గుండ్రంగా తిప్పి తిప్పి చెక్కినట్టున్న ఆ రాతిలో పాప ముఖం మసగ్గా కనిపించింది. బాబు వేలితో గీతల వెంట చుట్టూ తిరిగాడు. "మిషన్ లేకుండా ఇంత నున్నగా ఎట్లా వచ్చింది తాతా?" అని పాప అడిగింది. ఉలితో చెక్కి, తర్వాత రాతి మీద రాయి పెట్టి, నీళ్లు పోస్తూ రోజుల తరబడి రుద్దితే తప్ప అంత నునుపు రాదని చెప్పారాయన. అంతే, స్తంభాల లెక్క ఆగిపోయింది. అప్పట్నుంచి ఏది చూసినా "ఎట్లా చేశారు?" అనే ప్రశ్నే. రెండు రోజులూ మేం నడిచింది ఆ ప్రశ్న వెంటే.

గుడికి ఎదురుగా నల్లటి నంది, దాని అవతల కల్యాణమంటపం. ఈ మంటపాన్ని మా చిన్నప్పుడు చూసినవాళ్లకి పాతది గుర్తుంటుంది. పునాది కుంగిపోవడంతో రాళ్లన్నీ విప్పేసి, కింద పునాది కొత్తగా వేసి, అవే రాళ్లు మళ్లీ పేర్చారు. పనికిరాకుండా పోయిన చోట్ల కొత్తవి చెక్కించి పెట్టారు. ఏళ్లూ పూళ్లూ పట్టింది. 2024 మార్చిలో శివరాత్రి నాడు మళ్లీ తెరిచారు. "లెగో లాగానా?" అన్నాడు బాబు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఏ రాయి ఎక్కడిదో తెలియాలంటే విప్పేముందే ప్రతిదానికీ గుర్తు పెట్టుకోవాలి, ఒక్కటి తారుమారైనా పైన దూలం కూర్చోదు అని మామయ్య వివరించారు. కాకతీయులు గుడి కట్టేచోట ముందు గుంత తవ్వి దాన్ని ఇసుకతో నింపి, ఆ ఇసుక మీద పునాది లేపేవారు. చుట్టూ కదలకుండా బిగించిన ఇసుక బరువుని అన్ని వైపులకీ పంచుతుంది, భూమి కదిలితే ఆ కుదుపుని చాలావరకు తనే మింగుతుంది. పాప దీన్ని తన నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంది. అది పాఠ్యపుస్తకంలో లేని సంగతి.

మధ్యాహ్నం భోజనం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర మీల్స్ తిన్నాం, పిల్లలు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. గంటసేపు హోటల్లో పడుకోబెట్టాక ఎండ తగ్గుతుండగా ఖిలా వరంగల్‌కి బయల్దేరాం.

పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ కోటకి సగం రోజు ఉంచుకోండి. చాలామంది లోపల కీర్తితోరణాల దగ్గర దిగి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కోట అసలు కథ దారిలోనే మొదలవుతుంది. ముందుగా మట్టికోట వస్తుంది. చెట్లూ గడ్డీ పెరిగి చిన్న గుట్టలాగా ఉండటం వల్ల గోడ అని తెలియకుండానే దాటేస్తారు. మామయ్య కారు ఆపించారు. పిల్లలని కిందికి దింపి, "ఇది గుట్ట కాదు, మనుషులు పోసిన కట్ట. మా శాఖలో కట్ట పోసుడు ఎంత కష్టమో నాకు తెలుసు" అన్నారు. తడిపి, కుదించి, పొర మీద పొర పోసుకుంటూ పోవాలి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఈ కోటని ముట్టడించింది. ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆ ముట్టడి గురించి రాస్తూ, ఈ మట్టిగోడకి యంత్రంతో విసిరిన రాళ్లు తగిలితే పిల్లలాడుకునే కాయల్లాగా వెనక్కి ఎగిరి వచ్చేవన్నాడు. శత్రువు వైపు మనిషి చేసిన పొగడ్త అది. బాబు వెంటనే ఒక మట్టిగడ్డ తీసి కట్టకేసి కొట్టాడు, అది పొడిపొడి అయింది. "చూశావా, నీదే ఓడింది" అన్నారు తాత.

తర్వాత రాతికోట. పెద్ద పెద్ద నల్లరాళ్లు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టిన గోడ. చుట్టూ 45 బురుజులు, బయట కందకం. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ కోటని రుద్రమదేవి పూర్తి చేయించింది. "ఇగో, రాయికీ రాయికీ మధ్యన ఎక్కడన్నా సున్నం కనవడుతుందా?" అని మామయ్య అడిగితే, పిల్లలు గోడ పొడుగునా వెతికారు, దొరకలేదు. ద్వారం దగ్గర దారి నేరుగా లోపలికి పోదు. ఒక గేటు దాటగానే గోడ అడ్డొస్తుంది, పక్కకి తిరిగితే ఇంకో గేటు. ఇప్పటికీ ఆటోలు, స్కూల్ బస్సులు ఆ మలుపుల్లోంచే హారన్ కొట్టుకుంటూ వెళ్తాయి, ఎందుకంటే కోట లోపల ఊరుంది. ఇంత అసౌకర్యంగా ఎందుకు కట్టారని పాప అడిగింది. వాళ్ల నాన్న ఎదురు ప్రశ్న వేశారు: "ఏనుగు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపుని గుద్దాలంటే ఏం కావాలి?" కాసేపు ఆలోచించి "దూరం కావాలి" అంది. ఆ దూరం ఇవ్వకుండా చేయడమే ఆ మలుపు పని. నాకు ఈ రెండు రోజుల్లో అన్నిటికంటే ఆనందం కలిగించిన జవాబు అది.

కీర్తితోరణాల దగ్గర టికెట్ ఉంటుంది, పదిహేనేళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు. లోపలికి అడుగు పెట్టగానే పాప తోరణాన్ని గుర్తుపట్టింది. తెలంగాణ ప్రభుత్వ ముద్రలో చార్మినార్‌తో పాటు ఉండేది ఇదే. కానీ ముద్రలో ఒక్కటే ఉంటుంది, ఇక్కడ నాలుగు దిక్కులా నాలుగు. మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది, ఇప్పుడు లేదు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, గుడి నేలమట్టమైంది. ఇది పిల్లలకి ఎలా చెప్పాలా అని నేను ముందే ఆలోచించుకున్నాను. జరిగింది జరిగినట్టే చెప్పాను. పాప చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రుద్రమదేవి అప్పటికి ఉందా?" అని అడిగింది. లేదు, ఆమె 1289లోనే చనిపోయింది, ప్రతాపరుద్రుడు ఆమె మనవడు అని చెప్పాను. గణపతిదేవుడికి కొడుకులు లేకపోతే కూతుర్నే వారసురాలిగా చేశాడనీ, శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అని మగపేరుతో రాశారనీ చెప్పినప్పుడు మాత్రం దానికి కోపమొచ్చింది. "రాణి అని రాస్తే ఏమవుతుంది?" అంది. ఆ కోపం దానికి ఉండాల్సిందే.

పడిపోయిన గుడి శిల్పాలన్నీ అక్కడే వరుసగా పేర్చి పెట్టారు. విరిగిన స్తంభాలు, తామరపువ్వులు చెక్కిన పైకప్పు రాళ్లు, ఏనుగులు, సింహాలు, నందులు. ఆరేళ్ల పిల్లాడికి అవి వందల రాళ్లు, ఐదు నిమిషాల్లో విసుగు. వాడికి మేమొక ఆట పెట్టాం: హంస ఎక్కడుందో వెతుకు, తర్వాత ఏనుగు, తర్వాత వాయిద్యం వాయించే మనిషి. పరుగులు పెట్టాడు. దొరికిన ప్రతి హంస దగ్గరా మమ్మల్ని నిలబెట్టాడు. అక్కడి బోర్డుల మీద పెద్దవాళ్లకి సరిపడా చరిత్ర ఉంది. పిల్లలకి ఇలా వెతుక్కునే చిన్న పటం ఒకటి ఇస్తే ఎంత బాగుండునో.

పక్కనే ఖుష్ మహల్. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లుని ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడంటారు. ఏటవాలు గోడలు, ఎత్తైన కమానులు. మెట్లెక్కితే పైనుంచి తోరణాలు నాలుగూ ఒకేసారి కనిపిస్తాయి. మామయ్య కిందే కూర్చున్నారు, మేం ఎక్కి చూసొచ్చాం. సాయంత్రం భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకుని చెరువు కట్ట మీద కాసేపు నడిచాం. బాబు నాన్న భుజం మీదే నిద్రపోయాడు. సౌండ్ అండ్ లైట్ షో ఉందని తెలిసినా ఆ ఊసు ఎత్తలేదు.

ఆదివారం

రామప్పకి పొద్దున్నే వెళ్లాలి. చెప్పులు విడిచి రాతి మీద నడవాలి కాబట్టి ఎండెక్కితే పిల్లల కాళ్లు కాలతాయి. ఏడింటికల్లా హోటల్ ఖాళీ చేశాం. ములుగు ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర అటు వెళ్లే బండ్లన్నీ ఆగుతాయి, మేమూ ఆగి కొబ్బరికాయ కొట్టాం. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగితే పాలంపేట. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. "ఇంత వరి పండిందంటే నీళ్లు ఎక్కడివి?" అని మామయ్య పిల్లలని అడిగారు. బోరు అన్నారు వాళ్లు. "సరే, తర్వాత చూపిస్తా" అని ఊరుకున్నారు.

రామప్ప గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. దేవుడి పేరు రుద్రేశ్వరుడు. జనం మాత్రం చెక్కిన శిల్పి పేరుతో పిలుచుకుంటారని చెప్తారు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు వచ్చిన మొదటి కట్టడం ఇదే. నక్షత్రం ఆకారంలో ఎత్తైన అరుగు, ఎర్రటి ఇసుకరాయి గోడలు, లోపల నల్లరాతి స్తంభాలు. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే నాట్యభంగిమల్లో చెక్కిన స్త్రీల శిల్పాలు. ఎనిమిది వందల ఏళ్లుగా ఎండకీ వానకీ నిలబడ్డా ఆ నల్లరాతి మెరుపు పోలేదు.

పాప కూచిపూడి నేర్చుకుంటోంది. మదనికల దగ్గర దాన్ని కదిలించడం మా వల్ల కాలేదు. ఒక్కో బొమ్మ కాలి మడత, నడుము వంపు చూసి అలాగే నిలబడి చూపించింది. గణపతిదేవుడి గజసేనాని జాయప నృత్యం మీద సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఈ గుడి శిల్పాల్నీ దగ్గర పెట్టుకుని, మరుగున పడిపోయిన పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. రాతిలోంచి ఒక నాట్యం తిరిగి లేచి వచ్చిందన్న మాట. ఈ సంగతి చెప్పగానే పాప "ఏ బొమ్మలోంచి?" అని అడిగి, మళ్లీ మొదటినుంచి చుట్టూ తిరిగింది. అక్కడి గైడు ఒక చెక్కడంలో, కంటికి ఆనని సందుల్లోంచి దారం అటునుంచి ఇటు తీసి చూపించాడు. బాబుకి అదే పెద్ద మాయ.

లోపల నేల కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, దూలాలు కూడా అక్కడక్కడా ఒరిగాయి. భూకంపం వల్లా, పునాది కుంగడం వల్లా అలా అయిందంటారు. అయినా కప్పు కూలలేదు. ఇక్కడా కింద ఇసుకే. పైన గోపురం ఇటుకలతో కట్టారు, మామూలు ఇటుకలు కాదు, నీళ్లలో తేలేంత తేలికైనవి. పిల్లలు నమ్మలేదు. ఇటుక నీళ్లలో తేలడమేంటి? మామయ్య ఓపిగ్గా చెప్పారు: మట్టిలో ఊకలాంటివి కలిపి కాలిస్తే అవి కాలిపోయి, వాటి చోట లోపల సన్నటి గుల్లలు మిగులుతాయి. గుల్ల ఎక్కువైతే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే కింద స్తంభాల మీద, వాటి కింద ఇసుక మీద భారం తగ్గుతుంది. పైనుంచి కిందిదాకా ఒకే ఆలోచన నడిచింది చూడండి. శిల్పాల అందం గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. గోపురం బరువు లెక్కపెట్టిన మనిషికి కూడా అంతే గౌరవం దక్కాలని నాకు గట్టిగా అనిపించింది.

గుడి నుంచి కాస్త దూరంలోనే రామప్ప చెరువు. మామయ్య పొద్దుట్నుంచీ ఎదురు చూస్తున్నది దీనికోసమే. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే చెరువూ కట్టించాడు. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డంతా గుట్టలే. "ఇటు గుట్ట, అటు గుట్ట. నడుమ ఎక్కడ సందుంటే అక్కడ కట్ట పోసిండ్రు. కొండలే సగం పని చేసి పెట్టినయి" అన్నారు. తర్వాత పిల్లలని తూము దగ్గరికి తీసుకెళ్లారు. చెరువు నీళ్లు కట్ట కిందుగా తూములోంచి కాలవలోకి పోతాయి, కాలవ పొలాలకి పోతుంది, పొద్దున రోడ్డు మీద చూసిన వడ్లు ఇలాంటి ఆయకట్టులో పండినవే. మరి వాన ఎక్కువ కురిస్తే? దానికి మత్తడి. నిండాక మిగిలిన నీళ్లు మత్తడి దుంకి కింద ఇంకో చెరువుకి పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. ఒకదానికొకటి అందించుకునే ఈ గొలుసుకట్టు చెరువుల వల్లే గోదావరి ఇంత దగ్గరున్నా దాని నీళ్లు ఎక్కని నేల పంట భూమి అయింది. పాకాల, లక్నవరం కూడా కాకతీయుల కాలం చెరువులే. పూడిక తీసి చెరువులు బాగుచేసే పథకానికి 2015లో వాళ్ల పేరే పెట్టారు. మామయ్య దీని గురించి చెప్తుంటే ఆయన గొంతు మారింది. ముప్పై ఏళ్లకి పైగా తూములకీ కాలవలకీ తిరిగిన మనిషి, మనవడికి ఆ పనిని చూపిస్తున్నారు.

బాబుకి ఇటుక ఇంకా తేలలేదు. రోడ్డు పక్క పడి ఉన్న ఇటుక ముక్క ఒకటి తెచ్చి నీళ్ల అంచున వేశాడు, మునిగింది. ఎండు కర్రముక్క వేశాడు, తేలింది. "కర్రలో కూడా గుల్లలుంటాయా తాతా?" అని అడిగాడు. ఉంటాయి అన్నారు. ఆ ఒక్క మాటతో వాడికి గోపురం సంగతి మొత్తం అర్థమైంది.

పడవెక్కి ఒక చుట్టు తిరిగి, చెట్టు కింద మిగిలిన సర్వపిండి తినేసి, ఒంటిగంటకి తిరుగు ప్రయాణం. లక్నవరం వేలాడే వంతెన మీదికి వెళ్దామా అని మావారు అడిగారు. వద్దన్నాను. మర్నాడు బడి ఉంది, పిల్లల కళ్లు మూతలు పడుతున్నాయి, పొద్దున చూసింది వాళ్ల బుర్రల్లో కుదురుకోవాలి కదా. జనగామ దగ్గర టీ తాగాం. ఘట్‌కేసర్ నుంచి ట్రాఫిక్ మొదలైంది.

ఇంటికి దగ్గరపడుతుండగా మా కాలనీ వెనక చెరువు పక్కనుంచి వచ్చాం. రోజూ స్కూల్ బస్సులో వాడు చూసే చెరువే. బాబు లేచి కూర్చుని, "తాతా, దీని తూము ఎక్కడుంది?" అన్నాడు. మామయ్యకి కూడా తెలియదు, ఎప్పుడూ వెతకలేదు. సోమవారం బడి నుంచి రాగానే ఇద్దరూ కలిసి కట్ట చుట్టూ నడిచి వెతకాలని ఒప్పందమైంది. పాప కూడా వస్తానంది, నోట్‌బుక్ తీసుకుని. పాకాల వచ్చే వానాకాలానికి, మత్తడి దుంకే రోజుల్లో.